తెర మీది కొలత ఎవరిది?

ఈ వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు అడిగినప్పుడు, మొదట "విద్యార్థి జీవితంలో క్రమశిక్షణ" లాంటిదేదో రాద్దామనుకున్నాను. మన సంచికలో ఏటా అలాంటివి మూడు నాలుగు ఉంటాయి. తొమ్మిదో తరగతిలో నేను కూడా ఒకటి రాశాను. వార్డెన్ సారు మెచ్చుకున్నారు గానీ మా గదిలో ఒక్కడూ చదవలేదు. అందుకని ఈసారి నేను చదువుకుంటున్న విషయం, మీరందరూ రోజూ చూసే విషయం ఎంచుకున్నాను. అదే ఫోను తెర. తెర మీద అక్షరాలు, బటన్లు, బొమ్మలు, ఖాళీలు ఏ కొలతల్లో ఉండాలి? ఆ కొలతలకి అందం ఎక్కడి నుంచి వస్తుంది? దీని మీద పుస్తకాల్లో చాలా ఉంది. అందులో కొంత నిజం, కొంత మంత్రం. ఏది నిజమో ఏది మంత్రమో తేల్చుకోవడం మనలాంటి వాళ్ళకి చాలా అవసరమని నా అభిప్రాయం.

"అన్నా, స్కాలర్‌షిప్పు పడక, మెస్ బాగాలేక మేం బాధపడుతుంటే నీకు తెర అందం గోల ఏమిటి?" అని మీరు అడగవచ్చు. ముందుగా నా సంగతి ఒకటి చెబుతాను.

ఒక్క నొక్కు

ఇంటర్ అయిన వేసవిలో ఒక కోర్సుకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి. ఆ రోజే ఆఖరు తేదీ. నెట్ సెంటర్లో కరెంటు లేదు. మా బాబాయి ఫోను అడిగి తీసుకుని, బస్టాండులో బల్ల మీద కూర్చుని నింపడం మొదలుపెట్టాను. కుల ధ్రువీకరణ నంబరు, ఆదాయ ధ్రువీకరణ నంబరు, ఆధార్, పదో తరగతి హాల్ టికెట్ నంబరు, బ్యాంకు ఖాతా... గళ్ళకి అంతు లేదు. ఆ పేజీని కంప్యూటర్ కోసం తయారుచేశారు. ఫోనులో అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయి. రెండు వేళ్ళతో పెద్దది చేసుకోవడం, పక్కకి జరుపుకోవడం, మళ్ళీ చిన్నది చేసుకోవడం, ఇదే పని. గంట పట్టింది.

అన్నీ అయ్యాక అట్టడుగున రెండు బటన్లు కనిపించాయి. రెండూ బూడిద రంగు. రెండూ ఒకటే సైజు. ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఒకటి 'సబ్మిట్', రెండోది 'రీసెట్'. నా బొటనవేలు రెండోదాని మీద పడింది. అంతే, గళ్ళన్నీ ఖాళీ అయిపోయాయి. "నిజంగా చెరిపేయమంటారా?" అని ఒక్క మాట కూడా అడగలేదు. మళ్ళీ నింపుతుండగా ఫోను ఛార్జింగు అయిపోయింది. రాత్రికి ఇల్లు చేరి మళ్ళీ కూర్చునేసరికి పేజీ తెరుచుకోలేదు. తెల్లారేసరికి గడువు ముగిసింది.

ఆ రోజు పని మానుకుని నాతో బస్టాండుకి వచ్చిన నాన్న, "ఏమైందిరా?" అన్నాడు. "తప్పు నొక్కాను నాన్నా" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నేను వేరే కోర్సులో చేరాను. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. పల్లెటూరివాణ్ణి, కంగారు మనిషిని, వేలు మొద్దు, అందుకే తప్పు నొక్కాను అని చాలాకాలం నమ్మాను.

ఎం.సి.ఎ.లో చేరాక రెండు పేర్లు విన్నాను. ఒకరు పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. 1954లో ఆయన ఒక సూత్రం చెప్పాడు. చెయ్యి ఒక గురిని చేరడానికి పట్టే సమయం, ఆ గురి ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పుగా ఉంది అనే రెండింటి మీద ఆధారపడుతుంది. గురి చిన్నదైతే ఆలస్యమవుతుంది. తొందరపడితే గురి తప్పుతుంది. ఇది ఎవరి చేతికైనా వర్తిస్తుంది. రెండోవారు మాక్స్ వెర్తైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. దగ్గర దగ్గరగా ఉన్నవాటిని మన కన్ను ఒకే గుంపుగా చూస్తుందని 1923లోనే రాశాడు. ఒకటే రంగు, ఒకటే సైజు, మధ్యలో ఖాళీ లేకపోతే కంటికి ఆ రెండు బటన్లూ ఒకటే. నా వేలు తప్పు చేసిందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ రెండింటి మధ్య ఒక వేలెడు ఖాళీ వదలనివాడి లెక్క అప్పటిదాకా నేను అడగలేదు.

స్వర్ణ నిష్పత్తి అనే మంత్రం

తెర అందం గురించి మా తరగతిలో మొదటి పాఠం మాత్రం ఫిట్స్‌తో మొదలుకాలేదు. స్వర్ణ నిష్పత్తితో మొదలైంది. దాన్ని సులభంగా ఇలా చెప్పవచ్చు. ఒక గీతని రెండు ముక్కలు చేయండి. మొత్తం గీత పెద్ద ముక్కకి ఎన్ని రెట్లో, పెద్ద ముక్క చిన్న ముక్కకి అన్నే రెట్లు కావాలి. అలా కుదిరే చోటు ఒక్కటే. ఆ నిష్పత్తి సుమారు 1.618. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' గ్రంథంలో దీన్ని నిర్వచించాడు. ఆయన దృష్టిలో అదొక జ్యామితి సంగతి. అందం ఊసు ఎత్తలేదు. 1509లో ఇటలీలో లూకా పాచోలీ 'దివ్య నిష్పత్తి' అనే పేరుతో పుస్తకం అచ్చువేశాడు. అందులోని ఘనాకృతుల బొమ్మలు లియొనార్డో డావిన్చీ గీసినవి. 'స్వర్ణ' అనే పేరు వాడినవాడు మార్టిన్ ఓమ్, 1835లో. మనం ఫిజిక్సులో చదివే ఓమ్ నియమం ఆయన అన్నగారిది. 1854లో అడాల్ఫ్ జైసింగ్ అనే జర్మన్, ప్రకృతిలోనూ కళలోనూ అందానికంతటికీ మూలం ఇదేనని రాశాడు. మంత్రం అక్కడి నుంచి ఊపందుకుంది.

తరగతిలో ప్రొజెక్టర్ మీద నత్తగుల్ల, పిరమిడ్, పార్థినాన్, మోనాలిసా, ఆపైన కంపెనీల లోగోలు వరుసగా వచ్చాయి. అన్నింటి మీదా ఒకటే చుట్ట గీత. అందరూ నోళ్ళు తెరిచారు, నేను కూడా. నోటు పుస్తకంలో 1.618 అని ఎర్ర పెన్నుతో రాసి చుట్టూ గీత గీసుకున్నాను. పెద్ద బళ్ళలో చదివినవాళ్ళకి ముందే తెలిసిన రహస్యమేదో నాకు ఇప్పుడు దొరికిందని సంబరపడ్డాను.

తర్వాత లైబ్రరీలో కూర్చుంటే సంబరం కాస్త తగ్గింది. నాటిలస్ గుల్ల ఒక పూర్తి చుట్టుకి సుమారు మూడు రెట్లు పెరుగుతుంది. స్వర్ణ నిష్పత్తి చుట్ట అయితే దాదాపు ఏడు రెట్లు పెరగాలి. రెండూ ఒకటి కావు. పిరమిడ్, పార్థినాన్ కథల్లో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొలవాలో ముందు చెప్పరు, లెక్క కుదిరేచోట టేపు పెడతారు. జార్జ్ మార్కోవ్‌స్కీ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1992లో ఇలాంటి అపోహలన్నీ ఒక వ్యాసంలో వరుసగా విప్పి చూపించాడు.

అయితే పూర్తిగా గాలి మాటేనా? అదీ కాదు. 1876లో గుస్తావ్ ఫెక్నర్ అనే శాస్త్రవేత్త తన ప్రయోగ ఫలితాలు ప్రచురించాడు. చతురస్రం మొదలుకుని సన్నగా పొడుగ్గా ఉన్నదాకా 10 ఆకారాలు జనం ముందు పెట్టి, ఏది బాగుందని అడిగాడు. సుమారు 35 శాతం మంది స్వర్ణ నిష్పత్తి ఆకారాన్నే ఎంచుకున్నారు. కానీ దాని ఇరుపక్కల ఉన్నవాటికీ బాగానే ఓట్లు పడ్డాయి. ఆ తర్వాత ఎందరో ఆ ప్రయోగం మళ్ళీ చేస్తే కొన్నిసార్లు అలాగే వచ్చింది, కొన్నిసార్లు రాలేదు. దీన్నిబట్టి నేను గ్రహించింది ఒక్కటే. మరీ చతురస్రంగానూ మరీ పొడుగ్గానూ లేని ఆకారం చాలామంది కంటికి హాయిగా ఉంటుంది. 1.618 దగ్గరే దేవుడు కూర్చుని లేడు.

"అన్నా, ఆఖరు తేదీ ఎక్కడుంది?"

ఇదంతా చదవకముందే నేను మంత్రాన్ని ప్రయోగించి ఉన్నాను. మొదటి ఏడాది మినీ ప్రాజెక్టుగా, మన హాస్టల్ విద్యార్థుల కోసం ఉద్యోగ, కోర్సు ప్రకటనలు ఒకచోట చూపించే చిన్న యాప్ తయారుచేశాను. తెరను 61.8 శాతం, 38.2 శాతంగా నిలువునా చీల్చాను. పెద్ద భాగంలో వివరాలు, చిన్న భాగంలో తేదీలు. ల్యాబ్‌లో పెద్ద మానిటర్ మీద చూపిస్తే మంచి మార్కులు వచ్చాయి.

దసరా సెలవులకి ముందు అది పట్టుకుని మన హాస్టల్‌కి వచ్చాను. పదో తరగతి తమ్ముడొకడు తన ఇంటి ఫోనులో వేసుకుని చూశాడు. సాధారణ ఫోను తెర వెడల్పు, దాని సొంత కొలమానంలో 360 ప్రమాణాలు అనుకుందాం. దాన్ని స్వర్ణ నిష్పత్తిలో చీలిస్తే 222, 138 వస్తాయి. ఆ 138 ప్రమాణాల సందులో "దరఖాస్తు చేసుకోవడానికి ఆఖరు తేదీ" అనే మాట వరుసకి ఒక ముక్క చొప్పున విరిగి విరిగి కిందికి జారింది. దాని కింద ఉండాల్సిన తేదీ తెర దాటి వెళ్ళిపోయింది. వాడు కాసేపు పైకీ కిందికీ జరిపి, మర్యాదగా, "బాగుందన్నా. కానీ ఆఖరు తేదీ ఎక్కడుంది?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆఖరు తేదీ పోగొట్టుకుని ఏడ్చినవాణ్ణి నేనే. ఇప్పుడు నా చేత్తో నేనే ఇంకొకడికి ఆఖరు తేదీ కనిపించకుండా చేశాను, అదీ అందం పేరుతో.

పెద్ద కంపెనీలకి కూడా ఇది అనుభవమే. 2010లో ట్విట్టర్ తన పేజీని కొత్తగా మార్చినప్పుడు, దాని రూపకర్త డగ్ బౌమన్ అందులోని నిష్పత్తులు కాకతాళీయం కావని చెబుతూ స్వర్ణ నిష్పత్తి గీతలు గీసిన బొమ్మ చూపించాడు. లోకమంతా దాన్ని ఉదాహరణగా చెప్పుకుంది. కానీ ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ లెక్క పేజీ అతి తక్కువ వెడల్పులో ఉన్నప్పుడే వర్తిస్తుందని, కిటికీ వెడల్పు చేస్తే కుడివైపు భాగం పెరిగి లెక్క మారుతుందని. మనవాళ్ళు మొదటి మాట రాసుకున్నారు, రెండో మాట వదిలేశారు. అసలు పాఠం రెండో మాటలోనే ఉంది. గోడ మీది చిత్రపటం వెడల్పు మారదు. తెర వెడల్పు మనిషి మనిషికీ మారుతుంది.

ఇటుకకి ఒక కారణం ఉంది

మా నాన్న తాపీ మేస్త్రి. ఇటుక కొలత మా ఇంట్లో ఎక్కాల కంటే ముందు వచ్చింది. మా వైపు ఇటుకని మాలుతో కలుపుకుని 9 అంగుళాల పొడుగు, 4½ అంగుళాల వెడల్పు లెక్కన చూస్తారు. పొడుగు వెడల్పుకి రెట్టింపు ఎందుకుండాలి? రెండు ఇటుకలు అడ్డంగా పెడితే ఒక ఇటుక నిలువు పొడుగుకి సరిపోతుంది. అప్పుడే ఒక వరుస అతుకు మీద పై వరుస ఇటుక కూర్చుంటుంది, గోడ పట్టు వస్తుంది. ఆ నిష్పత్తిని ఎవరూ దివ్యం అనలేదు. అది పని చేస్తుంది కాబట్టి ఉంది. గోడ చూడటానికి అందంగా ఉండటం ఆ పని వల్ల వచ్చిన ఫలితం.

మనం పరీక్ష రాసే ఏ4 కాగితమూ అంతే. 210 మిల్లీమీటర్లు, 297 మిల్లీమీటర్లు. నిష్పత్తి 2 వర్గమూలం, అంటే సుమారు 1.414. దాన్ని సగానికి మడిస్తే వచ్చే చిన్న కాగితానికీ అదే నిష్పత్తి ఉంటుంది. అందుకే పెద్ద పేజీని చిన్నదిగా జిరాక్స్ తీస్తే అంచులు వృథా కావు. ఈ గుణం గురించి లిక్టెన్‌బెర్గ్ అనే జర్మన్ ఆచార్యుడు 1786లో ఉత్తరం రాశాడు. 1922లో జర్మనీ దాన్ని కాగితాల ప్రమాణంగా చేసింది.

తెరల ఆకారం వెనక కూడా ఇలాంటి లెక్కలే ఉన్నాయి. 1892 ప్రాంతంలో ఎడిసన్ దగ్గర పనిచేసిన డిక్సన్ 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద 4:3 బొమ్మ ఖాయం చేశాడు. సినిమాని చూసి టీవీ, టీవీని చూసి పాత కంప్యూటర్ మానిటర్ అదే ఆకారం తెచ్చుకున్నాయి. 1980లలో కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు అప్పటి సినిమాల రకరకాల ఆకారాలని ఒకే వైశాల్యంలో కత్తిరించి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. అన్నింటినీ ఇముడ్చుకునే ఆకారం 1.77 దగ్గర తేలింది. అదే నేటి టీవీల 16:9. అది 1.618 కాదు. అయినా టీవీ అందవికారంగా ఉందని ఎవరూ అనలేదు.

కాబట్టి ఏ నిష్పత్తి గురించి ఎవరు గొప్పగా చెప్పినా మనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఇది ఏం పని చేస్తుంది? ఇటుక జవాబు చెబుతుంది. ఏ4 జవాబు చెబుతుంది. నా యాప్‌లో 61.8కి జవాబు లేదు.

వాకిలిని చూసి చుక్కలు

మా అమ్మ కూలి పనికి వెళ్తుంది. ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామునే లేచి ముగ్గు వేసి వెళ్తుంది. ముందు చుక్కలు, తర్వాతే గీత. 15 చుక్కలు పెట్టి, సందు చుక్క 8 వరకు, అని లెక్క. చుక్కల మధ్య దూరం తప్పితే ముగ్గు వంకరపోతుంది. తెరల రూపకల్పనలో గళ్ళ పద్ధతి అంటారే, పేజీ అంతా ఒకే కొలత గళ్ళుగా ఊహించుకుని అక్షరాలనీ బొమ్మలనీ వాటికి అతికించడం, అది చుక్కల ముగ్గుకి దూరం కాదు. స్విట్జర్లాండ్ రూపకర్త యోసెఫ్ ముల్లర్ బ్రోక్‌మన్ 1981లో ఈ పద్ధతి మీద రాసిన పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. ఇప్పటి యాప్‌లలో ఖాళీలన్నీ 8, 16, 24, 32 అని ఎనిమిదో ఎక్కంలో పెట్టుకోవడం మామూలు. 8లో మహిమేమీ లేదు. ఒక కొలత పట్టుకుని చివరిదాకా దాన్నే పాటించడంలో ఉంది. కంటికి హాయి అక్కడి నుంచి వస్తుంది.

ఇంకో సంగతి గమనించాను. మేం పాత ఇంటి నుంచి అద్దె గదికి మారినప్పుడు వాకిలి సగానికి సగం తగ్గింది. అమ్మ 15 చుక్కల ముగ్గునే చుక్కలు దగ్గర చేసి ఇరికించలేదు. అలా చేస్తే పిండి కలిసిపోతుంది, గీత తిరగదు. 7 చుక్కల ముగ్గు వేసింది. చుక్కల మధ్య దూరం మాత్రం తన వేళ్ళకి అలవాటైనదే. 2010లో ఈథన్ మార్కాట్ అనే రూపకర్త, చిన్న తెరకి పెద్ద పేజీని కుదించి ఇరికించకూడదని, తెర వెడల్పుని బట్టి పేజీ అమరికే మారాలని ఒక ప్రసిద్ధ వ్యాసంలో రాశాడు. మా అమ్మకి ఆ సిద్ధాంతం తెలుసని నేను అనడం లేదు. ఆ సిద్ధాంతం నాకు అర్థమైంది మాత్రం అమ్మ ముగ్గు గుర్తొచ్చాకే.

ఎవరిని కొలిచారు?

ఇక అసలు విషయానికి వస్తాను. ఫ్రాన్సులో స్థిరపడిన ప్రఖ్యాత వాస్తుశిల్పి లె కార్బూజియే 1940లలో 'మాడ్యులార్' అనే కొలతల వరస తయారుచేశాడు. మనిషి ఎత్తునీ స్వర్ణ నిష్పత్తినీ కలిపి గది ఎత్తు, మెట్టు ఎత్తు, బల్ల ఎత్తు అన్నీ అందులోంచి తీశాడు. మన చండీగఢ్ కట్టడాల్లో కూడా దాన్ని వాడాడు. ఆ వరసకి ఆధారమైన మనిషి ఎత్తు ఎంతో తెలుసా? మొదట 175 సెంటీమీటర్లు అనుకుని తర్వాత 183కి మార్చాడు. ఆరడుగుల మగవాడు. మా అమ్మ ఆ లెక్కలో లేదు. మనలో చాలామందిమి లేము.

తెర మీద కూడా కనపడని 'ఆరడుగుల మనిషి' ఒకడు ఉంటాడు. కొత్త ఫోను, మంచి నెట్, నీడలో కుర్చీ, ఇంగ్లీషు అక్షరాలు, చిన్నప్పటి నుంచీ కంప్యూటర్ అలవాటు. అతణ్ణి దృష్టిలో పెట్టుకుని కొలతలు తీస్తే, ఎండలో బస్టాండులో పగిలిన ఫోనుతో ఉన్నవాడు 'తప్పు నొక్కుతాడు'.

ఆరడుగుల మనిషి కోసం తీసిన కొలత మన లిపి దగ్గర బాగా బయటపడుతుంది. ఇంగ్లీషు అక్షరం ఒక వరుసలో బుద్ధిగా కూర్చుంటుంది. మన అక్షరానికి తల మీద గుడి, ఏత్వం, కాళ్ళ కింద వత్తులు. 'రాష్ట్రం' అని రాసి చూడండి. ష కింద ట వత్తు, ర వత్తు రెండూ దిగాలి. ఇంగ్లీషుకి సరిపోయే వరుస ఎత్తునే తెలుగుకి పెడితే పై వరుస వత్తు, కింది వరుస గుడి ఢీకొంటాయి. కొన్ని బటన్లలో వత్తు సగం తెగిపోయి కనపడుతుంది. గూగుల్ వారి మెటీరియల్ డిజైన్ మార్గదర్శకాలు తెలుగుని, హిందీ, అరబిక్, థాయ్‌లతో కలిపి, ఎక్కువ వరుస ఎత్తు కావలసిన 'పొడవు లిపుల' జాబితాలో చేర్చాయి. నియమం రాసి ఉంది. పాటించేవాళ్ళే తక్కువ. నేను ఇప్పుడు తెలుగు వాక్యాలకి వరుస ఎత్తు అక్షరం సైజుకి 1.6, 1.7 రెట్లు పెట్టుకుంటున్నాను. అది 1.618కి దగ్గరగా ఉందని ఎవరైనా సంబరపడితే, ఆ ఘనత యూక్లిడ్‌ది కాదు, మన ట వత్తుది.

వేలి సంగతీ అంతే. నొక్కే చోటు కనీసం 48 ప్రమాణాలు ఉండాలని గూగుల్, 44 ఉండాలని యాపిల్ చెబుతున్నాయి. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని రూపొందించిన అంతర్జాతీయ మార్గదర్శకాల 2023 కూర్పు, 24 కంటే తగ్గితే చుట్టూ తగినంత ఖాళీ అయినా ఉండాలంటుంది. అక్షరం రంగుకీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలని అవే మార్గదర్శకాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. ఇవీ నిష్పత్తులే. వీటి మీద చుట్ట గీతలు గీసి ఎవరూ ఫ్రేము కట్టరు. కానీ నా దరఖాస్తు ఆ రోజు పోకుండా ఆపగలిగేవి ఇవే.

"కడుపు నిండాక కదా అందం?"

ఒక మిత్రుడు నాతో వాదించాడు. "పేజీ పనిచేస్తే చాలు. అందం డబ్బున్నవాళ్ళ ముచ్చట" అన్నాడు. అతని మాటలో కొంత న్యాయం ఉంది. సర్వరు పడిపోయే చోట రంగులు దిద్దడం పనికిమాలిన పనే. కానీ నేను ఒప్పుకోను. బాగా అమర్చిన పేజీ చదివేవాడి సమయాన్ని కాపాడుతుంది. కొత్తవాడి భయాన్ని తగ్గిస్తుంది. మధ్యవర్తికి యాభయ్యో వందో ఇచ్చి నింపించుకునే అవసరం తప్పిస్తుంది. అమరిక సరిగా లేని పేజీకి మూల్యం చెల్లించేది ఎప్పుడూ మనమే. డబ్బున్నవాడు ఇంకొకడి చేత నింపించుకుంటాడు.

ఇంకొందరు రెండో వైపు నుంచి, "అయితే స్వర్ణ నిష్పత్తిని అవతల పారేయమంటావా?" అన్నారు. అక్కర్లేదు. ఫోటో కత్తిరించేటప్పుడు, శీర్షిక అక్షరాలకీ మామూలు అక్షరాలకీ సైజు తేడా తేల్చుకునేటప్పుడు, ఏమీ తోచకపోతే దానితో మొదలుపెట్టవచ్చు. శీర్షికకి 26, వాక్యానికి 16 పెడితే చూడటానికి బాగానే ఉంటుంది. మొదలుపెట్టడానికి అది ఒక కొలత. తీర్పు చెప్పాల్సింది మాత్రం చదివేవాడు.

మిత్రులారా! మీలో కొందరు రేపు యాప్‌లు రాస్తారు. కొందరు ఆఫీసుల్లో కూర్చుని ఫారాలు తయారుచేస్తారు. అంతదాకా ఎందుకు, ఈ వార్షికోత్సవానికి ఆహ్వానం ఫోనులోనే తయారుచేసి వాట్సాప్‌లో పంపుతారు. నేను పాటిస్తున్న నాలుగు పరీక్షలు చెబుతాను. ఒకటి, తయారయ్యాక కళ్ళు చిట్లించి చూడండి. అక్షరాలు మసకబారినా ముఖ్యమైనది ముందు కనపడాలి. రెండు, 'రాష్ట్రం', 'స్త్రీ', 'లక్ష్మి' అని రెండు మూడు వరుసలు రాసి వత్తులు ఢీకొంటున్నాయేమో చూడండి. మూడు, మీకు దొరికిన వాటిలో అన్నిటికంటే పాత ఫోనులో, ఎండలో నిలబడి చూడండి. నాలుగోది కష్టమైనది. ఎప్పుడూ చూడనివారి చేతికిచ్చి మీరు నోరు మూసుకుని కూర్చోండి. "అక్కడ నొక్కు" అని చెప్పాలనిపించిన ప్రతిచోటా తప్పు మీది.

నా యాప్‌ని మళ్ళీ కట్టాను. చీలిక తీసేశాను. ప్రతి ప్రకటనకీ పైన పెద్ద అక్షరాల్లో ఆఖరు తేదీ, కింద వివరాలు, వెడల్పంతా పరుచుకున్న ఒకే బటన్. చెరిపే బటన్ అసలు లేదు. మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు నాన్నకి చూపించాను. ఆయన చదువు అక్షరాలు కూడబలుక్కునేంత. ఫోను దూరంగా పట్టుకుని, గోడకి తూకం గుండు వేసి చూసినట్టు ఒక కన్ను మూసి చూశాడు. "ఎడమ అంచు ఒక మట్టానికి వచ్చింది. ఈ తేదీ ఎప్పటిదిరా, దగ్గర పడిందే!" అన్నాడు. నా యాప్‌కి అంతకుమించిన మార్కులు నాకు అక్కర్లేదు.

తమ్ముళ్ళూ, రేపు మీరు కూడా ఏదో ఒక తెర ముందు తడబడతారు. "తప్పు నొక్కాను" అని తల దించుకోకండి. ఆ తెర ఎవరి వేలికి, ఎవరి కంటికి, ఎవరి అక్షరానికి కొలిచి చేశారో ముందు అడగండి. రేపు కొలత తీసే పని మీ చేతికి వచ్చినప్పుడు, బస్టాండు బల్ల మీద కూర్చున్నవాణ్ణి గుర్తుపెట్టుకుని టేపు పట్టండి.

– ఒక పూర్వ విద్యార్థి,
ఎం.సి.ఎ. చివరి సంవత్సరం